నీళ్ళగిన్నెలో దొంగ

ఉంగరం పోయిన వారం తిరక్కుండానే మా తోడికోడలు దొంగ అయిపోయింది. ఆమె తీస్తుండగా చూసినవాళ్ళు లేరు, ఆమె దగ్గర దొరికిందీ లేదు. ఒక పెద్దమనిషి గాజుగిన్నెలో నీళ్ళు పోసి, అందులోకి తొంగిచూసి చెప్పాడు, అంతే. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, అదెలా సాధ్యమని ఎవరూ అడగలేదు. అందరూ దొంగ కోసం తలలు తిప్పారు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి గానీ, వచ్చాక మరి వదల్లేదు. మేం పనిచేసే లాండ్రీకి ఆస్పత్రి దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు మూటలు మూటలుగా వచ్చేవి. మేడమీద ఆరేసే వీల్లేక లోపలే తాళ్ళు కట్టాం. ఒక మనిషి దగ్గరికి వెళ్ళాలంటే తడి దుప్పట్లు మొహానికి తగులుతూ, వాటిని తోసుకుంటూ వెళ్ళాలి. నేను మడతల బల్ల దగ్గర, మా అక్క ఇస్త్రీ దగ్గర. అక్క అంటే మా తోడికోడలే. మా ఆయన లాండ్రీ వ్యాను తోలేవాడు. మా ఇంట్లో లాండ్రీకి రానివాళ్ళు ఇద్దరే. ఒకరు అత్తయ్య, రెండోవారు బావగారు. బావగారిది వీధి మొగలో తాళాల కొట్టు. మహా నెమ్మదస్తుడు. ఆయన నోరు తెరిపించడం కన్నా తుప్పు పట్టిన తాళం తెరిపించడం తేలికని మా ఆయన ఎప్పుడూ వేళాకోళం చేసేవాడు.

అక్కని లాండ్రీలో అందరూ సూటక్క అనేవాళ్ళు. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు కదా, ఆవిడ రోజుకి నలుగురినైనా ఉలికిపడేలా చేసేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో వండిన కూర రుచి చూసి, "బావుందే. ఉప్పు కూడా వేస్తే కూరలాగే ఉంటుంది" అంది. అప్పట్నుంచీ మేమిద్దరం ఒక ఒరలో రెండు కత్తుల్లాగే బతికాం. ఆవిడంటే నాకు ప్రాణమని చెప్పను. అబద్ధమవుతుంది.

ఓనరుగారి భార్యని మేమందరం అమ్మగారనేవాళ్ళం. ఆవిడ ఆ వేసవిలో పోయారు. లాండ్రీ పెట్టింది ఆ ఇద్దరూ కలిసే. ఆవిడ పోయాక ఆయన సగం మనిషయ్యాడు. ఎవరు తీసుకెళ్ళారో ఏమో, అవతలి వీధిలో ఉండే చూపాయన దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. దూరంగా ఉన్నవాళ్ళనీ, పోయినవాళ్ళనీ నీళ్ళలో చూడగలడని చూపాయనకి పేరు. వెళ్ళొచ్చిన రోజు ఓనరుగారి మొహంలో కాస్త వెలుగుండేది. "మీ అమ్మగారు కబురు చెప్పింది. 'నా బంగారం, వేళకి తిను' అందట" అని మాకు చెప్పేవాడు. పోనీలే, ఆ మాటతో నాలుగు మెతుకులు లోపలికి పోతున్నాయి కదా, ఎవరికేం నష్టం అనుకున్నాం.

ఎవరికేం నష్టమో తర్వాత తెలిసింది.

అమ్మగారి ఉంగరం ఓనరుగారి బల్ల సొరుగులో, చేతిరుమాల్లో చుట్టి ఉండేది. ఒకరోజు చూస్తే రుమాలుంది, ఉంగరం లేదు. ఆయన సొరుగు ఊడదీసి తిరగేశాడు, మా చేత నేలంతా తుడిపించాడు, మురుగ్గొట్టం కూడా విప్పించాడు. దొరకలేదు. మూడో రోజు చూపాయనని లాండ్రీకే పిలిపించాడు.

చూపాయనకి గడ్డం లేదు, వేషం లేదు. శుభ్రమైన తెల్లచొక్కా. అది మా దగ్గర ఇస్త్రీ అయినదే. గొంతు మెత్తన. ఇస్త్రీ హాల్లో కుర్చీ వేయించుకుని, ముందు ముక్కాలిపీట మీద గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"ఆడమనిషి" అన్నాడు కాసేపటికి. హాల్లో ముప్పాతిక మంది ఆడవాళ్ళమే.

"వేడి దగ్గర నిలబడే మనిషి. చేతి మీద కాలిన మచ్చ కనిపిస్తోంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరం చేతులు చూసుకున్నాం. ఇస్త్రీపెట్టె పట్టినవాళ్ళలో మచ్చ లేని చెయ్యి ఎవరిది? నాకే మణికట్టు దగ్గర ఒకటుంది. కానీ మచ్చలు చూసుకున్న కళ్ళు అక్కడ ఆగలేదు. ముందురోజే అక్క చేత చివాట్లు తిన్న ఒకామె మెల్లగా అక్క వైపు చూసింది. ఆమెని చూసి పక్కామె. గాలికి గడ్డి ఒరిగినట్టు చూపులన్నీ ఒకవైపే ఒరిగాయి.

అప్పుడు చూపాయన తల పైకెత్తాడు. నేను ఆయనకి ఎదురుగానే ఉన్నాను. ఆయన చూసింది నీళ్ళలోకి కాదు, మా మొహాల్లోకి. చూసి, మళ్ళీ తల దించి, "మాట కటువు. మనసులో ఏదీ దాచుకోని మనిషి. కానీ ఒక వస్తువు మాత్రం దాచింది" అన్నాడు.

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి ముందుకొచ్చింది. "ఏవండీ, ఉంగరం నేను ఎక్కడ పెట్టానో కూడా అందులో కనబడే ఉంటుందిగా? చెప్పండి, తెచ్చి ఇచ్చేస్తాను."

"నీరు కదిలిపోయిందమ్మా" అన్నాడాయన, జాలిగా.

ఓనరుగారు అక్క మొహం చూడకుండా, "ఉంగరం దొరికేదాకా నువ్వు పనిలోకి రావద్దు" అన్నాడు. అక్క చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, గొడుగు కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. 

ఇంటికెళ్ళేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. అత్తయ్య గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"నిప్పు లేనిదే పొగ రాదు" అంది, నాతోనో గోడతోనో.

లోపల్నుంచి అక్క జవాబిచ్చింది. "అత్తయ్యా, రోజంతా ఆ పొగలో నిలబడేదాన్ని నేను. ఏది పొగో ఏది ఆవిరో నాకు తెలుసు."

"ఆయన నోట అబద్ధం రాదే తల్లీ. నేను గడప తొక్కగానే మోకాలి నొప్పని చెప్పలేదూ?"

"కుంటుకుంటూ వెళ్తే మోకాలనక పంటినొప్పి అంటాడా?" అన్నాడు మా ఆయన. నవ్వుదామనుకున్నాను గానీ, బావగారి మొహం చూసి ఆగిపోయాను. ఆయన కంచం ముందు కూర్చుని, మెతుకులు కెలుకుతూ ఉన్నాడు. కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. ఆ ఇంట్లో అక్క ఎదురుచూసింది ఆ ఒక్క మనిషి మాట కోసమే.

రెండ్రోజుల తర్వాత బాయిలర్ చెడిపోయి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. వీధిలో అక్క కూరగాయల సంచితో కనబడితే కలిసే నడిచాం. తలుపు తోసేసరికి బావగారు అక్క ఇనప్పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తాళం చెక్కుచెదరకుండా పక్కన పడుంది. చేతిలో సన్న తీగ. పెట్టెలోంచి తీసినవన్నీ చాప మీద వరసగా పేర్చి ఉన్నాయి. అక్క మంచి బట్టలు, వాళ్ళమ్మ ఫోటో, చెవిదిద్దుల డబ్బా. వాటి పక్కన పసిపిల్లల ఊలు టోపీ ఒకటి. ఎవరూ ఎన్నడూ తొడుక్కోనిది. అక్కకి పిల్లల్లేరు. అది ఎప్పుడు అల్లిందో, ఎందుకు దాచిందో ఇంట్లో ఎవరికీ తెలీదు. బావగారికి కూడా.

"దొరికిందా?" అంది అక్క.

ఆయన లేచి నిలబడ్డాడు.

"అడుగున కాగితం కింద చూశావా?"

ఆ పూట దాకా అక్క ఆయన్ని 'మీరు' తప్ప ఇంకో మాటతో పిలవలేదు. ఆ పూట పోయిన ఆ 'మీరు' మళ్ళీ రాలేదు.

"అందరూ అంటుంటే... ఒక్కసారి చూసేస్తే మనసు కుదుటపడుతుందని..." అన్నాడాయన.

"పగలగొట్టుంటే కోపంలో చేశాడులే అనుకునేదాన్ని. ఇంత ఓపిగ్గా తీశావు చూడు." సంచి కింద పెట్టి, చాప మీద కూర్చుని అక్క ఒక్కొక్కటీ మడతపెట్టుకుంది. టోపీని కూడా మడతపెట్టింది, ఇస్త్రీ బల్ల మీద మడతపెట్టినంత శ్రద్ధగా. తర్వాత పెట్టె ఒక కొస తను పట్టుకుని, రెండో కొస పట్టమని నాకేసి చూసింది. ఇద్దరం దాన్ని మా గదిలోకి మోసుకొచ్చాం. మా ఆయన దిండు ముందుగదిలోకి పోయింది. ఆ రోజు నుంచీ అన్నదమ్ములిద్దరూ ముందుగదిలో ఒకే మంచం మీద, తోడికోడళ్ళం గదిలో. "గురకలో మా అన్నయ్య చాలా మాట్లాడతాడే, మెలకువలోనే ఏమీ అనడు" అని మా ఆయన వాపోయేవాడు.

ఉంగరం ఎవరు తీశారో నేను కనుక్కోలేనని నాకు తెలుసు. కానీ ఆ గిన్నెలో ఏమీ కనబడదని మాత్రం తేల్చి తీరాలి. అది తేలితే తప్ప అక్క మళ్ళీ ఆ హాల్లో తలెత్తుకు నిలబడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మనసులో గట్టిగా ముడేసుకున్నాను.

ముందు నేనే చూపాయన ఇంటికెళ్ళాను. మా ఆయన వ్యానులో దింపి వీధి చివర ఆగాడు. ముందుగదిలో చాలామంది కూర్చుని ఉన్నారు. చూపాయన చెల్లెలట, ఒకావిడ మంచినీళ్ళిస్తూ ఒక్కొక్కరి పక్కనా కాసేపు కూర్చుంటోంది. "ఏమ్మా, ఏం కష్టమొచ్చింది?" అని చెయ్యి నిమిరింది. ఎంత ప్రేమగా అడిగిందంటే నిజంగానే కష్టం చెప్పాలనిపించింది. మా అన్నయ్య ఓడ మీద పనికెళ్ళి కబురు లేకుండా పోయాడని చెప్పాను. మా అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. ఆవిడ అయ్యో అనుకుంటూ లోపలికి వెళ్ళొచ్చింది.

నా వంతు వచ్చింది. చూపాయన గిన్నెలోకి చూసి, "తోడబుట్టినవాడు" అన్నాడు. "చుట్టూ నీళ్ళే. ఉప్పునీళ్ళు. భయపడకు, బతికే ఉన్నాడు. కుడికాలికి దెబ్బ తగిలింది. ఏడాది తిరిగేలోగా కబురొస్తుంది."

వ్యాను ఎక్కాక మా ఆయనతో అన్నాను, "పుట్టని అన్నయ్యకి కాలు విరగ్గొట్టి మరీ పంపాడు." ఆయన బండి పక్కకి తీసి ఆపుకుని మరీ నవ్వాడు. ఇక తేలిపోయిందనుకున్నాను.

ఇంటికెళ్ళి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ చెంపలు వాయించుకున్నంత పని చేసింది. "అంత పెద్దాయన ముందు అబద్ధమాడావా? ఆయన చూపు నీ అబద్ధం వెంట పోయింది. తప్పు నీదా, ఆయనదా?"

 వంటగదిలోకి వెళ్ళి నిలబడ్డాను. అక్క ఉల్లిపాయలు కోస్తోంది.

"అత్తయ్య అన్నదాంట్లో ఒక మాట నిజం" అంది తల ఎత్తకుండా. "నువ్వు అబద్ధంతో వెళ్ళావు. అబద్ధంతో వెళ్ళినదాని మాట ఎవడు వింటాడు? ఓనరుగారు వింటాడా?"

"మరేం చెయ్యమంటావు?"

"ఏమో. చేసేదేదో అందరి ముందూ, సూటిగా చెయ్యి. లేదంటే ఊరుకో. నా కోసం దొంగచాటు పనులు చెయ్యకు. ఒక దొంగ చాలు ఇంటికి."

మర్నాడు పొద్దున్నే ఓనరుగారి గదిలోకి వెళ్ళాను. అమ్మగారి కుర్చీ ఆయన కుర్చీకి ఎదురుగా అలాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నేను నిలబడే చెప్పాను.

"మీరు నమ్మొద్దని చెప్పడానికి రాలేదండీ. ఒక పరీక్ష పెట్టమని అడగడానికొచ్చాను. కొన్ని మూటలు ఒకేలా కట్టిద్దాం. ఒక్కదాంట్లో ఒక వస్తువు పెడదాం. ఏ మూటలో ఉందో ఆయన చెప్పాలి. అంతే."

"ఆయన శక్తి ఇలాంటి ఆటలకి కాదు."

"ఊరవతల ఉన్న మనిషి కనబడతాడు, పోయినవాళ్ళు కనబడతారు. ఎదురుగా ఉన్న మూట కనబడదా?"

ఆయనకి కోపమొచ్చింది. "మీ అక్క కాకపోతే మరి ఎవరు తీశారో నువ్వు చెప్పు చూద్దాం."

"నాకు తెలీదండీ. ఆయనకీ తెలీదు. నేను తెలీదంటున్నాను, ఆయన అనడం లేదు. అంతే తేడా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ఆయన చెప్పగలిగితే?"

"అక్కతో పాటు నేనూ పని మానేస్తాను. అందరి ముందూ ఆయన కాళ్ళు పట్టుకుని క్షమాపణ చెప్పుకుంటాను."

"చెప్పుకుంటావు" అన్నాడు, నేను ఓడిపోవడం ఖాయమన్నట్టు. "ఆవిడ కళ్ళద్దాలు పెడతాను. ఆవిడ వస్తువైతే ఆయనకి ఇంకా తేలిక."

ఒక్క షరతు మాత్రం నేను వదల్లేదు. ఏ మూటలో ఉందో తెలిసినవాళ్ళు ఎవరూ హాల్లో ఉండకూడదు. ఓనరుగారైనా సరే. ఎందుకని ఆయన అడిగాడు. "ఆ రోజు ఆయన మా మొహాలు చూశాడండీ" అన్నాను. "సరే, అలాగే కానీ" అన్నాడు.

పరీక్ష రోజు పని ఆపించి అందర్నీ హాల్లోకి రమ్మన్నారు. అక్క కూడా వచ్చింది. నేను పిలవలేదు, తనే వచ్చి, తను రోజూ నిలబడే బల్ల దగ్గరే నిలబడింది. ఓనరుగారు సామాన్ల గదిలో తలుపు వేసుకుని కళ్ళద్దాలు ఒక మూటలో పెట్టి, అన్నీ ఒకే తీరుగా కట్టి బయటికొచ్చేశాడు. తర్వాత మా ఆయన వెళ్ళి, చేతికి ఏది దొరికితే అది బండి మీద వేసుకొచ్చి హాల్లో వరసగా దించాడు. డజను మూటలు. అప్పటికి ఏది ఏదో కట్టిన ఓనరుగారికే తెలీదు. అయినా మాట ప్రకారం ఇద్దరూ వెళ్ళి వ్యానులో కూర్చున్నారు.

చూపాయన వచ్చాడు. అమ్మగారి కళ్ళద్దాలు ఏ మూటలో ఉన్నాయో చెప్పాలని విని, గిన్నె పెట్టుకున్నాడు. "మూటలు కట్టిందెవరు?" అని అడిగాడు.

"ఓనరుగారు" అన్నాను.

"పిలవండి."

"రారండీ. అలాగే అనుకున్నాం."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో కోపం లేదు. బేరంలో అవతలివాడి లెక్క అంచనా కట్టే మనిషి చూపది. లేచి మూటల పక్కన నడిచాడు. ఒక్కొక్క మూట మీద చెయ్యి పెట్టి ఆగుతాడు, మా వైపు చూస్తాడు, ఇంకో మూట దగ్గరికి వెళ్తాడు. మేమంతా కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నాం. మా మొహాల్లో చదువుకోవడానికి ఏమీ లేదు. మాకు తెలిస్తే కదా! రెండోసారి వరసంతా నడిచాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వీపు మీద చెమటకి అతుక్కుంది. చివరికి గోడ వైపు నుంచి మూడో మూట మీద చెయ్యి వేసి, "ఇక్కడ ఆవిడ ఉంది" అన్నాడు.

ఓనరుగారిని పిలిచారు. ఆయన ముడి విప్పాడు. హోటలు తువ్వాళ్ళు. ఒక్కొక్కటీ దులిపి చూశాడు. తువ్వాళ్ళే.

"ఇక్కడ ఎదురు మనసు ఒకటుంది" అన్నాడు చూపాయన, నన్ను చూపిస్తూ. "అది చూపుకి అడ్డం పడుతోంది."

ఓనరుగారు నా వైపు తిరిగాడు. "నువ్వు కాసేపు బయట ఉండమ్మా."

నేను వెళ్ళి, వ్యాను దిగొచ్చిన మా ఆయన పక్కన రేకుల కింద నిలబడ్డాను. చూరు మీంచి వాన ధార కడుతోంది. లోపల్నుంచి ఒక్క మాటా వినబడలేదు. "భయమా?" అన్నాడు మా ఆయన. కాదన్నాను. భయమే. నమ్మకం వేరు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆయన చెయ్యి సరైన మూట మీద పడటం వేరు. డజన్లో ఒకటి, మరీ తగలకూడనిదేం కాదు.

కొంతసేపటికి చూపాయన బయటికొచ్చాడు. గిన్నె బోర్లించి సంచిలో పెట్టుకున్నాడు. గొడుగు విప్పుకుని, మా పక్క నుంచే, నీటిగుంటలు చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను లోపలికి పరిగెత్తాను. ఇంకో రెండు మూటలు విప్పి పడున్నాయి. ఆయనకి మరో రెండు అవకాశాలిచ్చారట.  ఓనరుగారు నేల మీద కూర్చుని మిగతా మూటలు తనే విప్పుతున్నాడు. ఒకటి విప్పి, వెతికి, పక్కకి నెట్టి, ఇంకొకటి. కిటికీ దగ్గరున్న మూటలో ఆస్పత్రి దుప్పట్ల మధ్య కళ్ళద్దాలు దొరికాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"మరైతే నాతో మాట్లాడింది ఎవరు?" అన్నాడు. ఎవర్ని అడిగాడో తెలీదు.

నేను గెలిచాను. కానీ ఆ ముసలాయనకి మిగిలిన ఒక్క ఊరటా నా చేతులతోనే లాగేసినట్టయింది.

అక్క తన బల్ల దగ్గర్నుంచి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అమ్మగారు మిమ్మల్ని ఏనాడైనా బంగారం అన్నారాండీ?"

ఆయన తలెత్తాడు.

"నేను ఆవిడ పక్కన నిలబడి ఇన్నేళ్ళు పనిచేశాను. నా చెవిన పడిందల్లా ఒకటే. 'ఈ మొద్దు మనిషికి చెబితే అర్థం కాదే, రాసిస్తే ఆ కాగితం దొరకదే' అనేవారు. మీరు భోజనానికి రాకపోతే, 'ఆ మొద్దుని లాక్కురండి, పళ్ళెం చల్లారిపోతోంది' అని కేకేసేవారు. నా మంచి ఆవిడ కోరారు, మీ మంచీ కోరారు. కానీ బంగారం మాత్రం అనలేదు."

ఓనరుగారి పెదవులు వణికాయి. అది ఏడుపో నవ్వో మాకు తెలియలేదు. "మొద్దు" అన్నాడు. "అవును. మొద్దనేది." తర్వాత రెండూ కలిసే వచ్చాయి. చాలాసేపు.

తేరుకున్నాక, "రేపట్నుంచి పనిలోకి రామ్మా" అన్నాడు అక్కతో, మెల్లగా.

అక్క లేచి నిలబడింది. "ఆ రోజు రావద్దని ఇక్కడే, అందరూ వినేలా అన్నారు. రమ్మనడం కూడా అలాగే అనండి."

ఆయన లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. హాలంతా వినేలా, ఈమె దొంగ కాదనీ, తను తప్పు చేశాననీ అన్నాడు. నిన్నటిదాకా మొహం తిప్పుకున్నవాళ్ళు ఇప్పుడు తడి దుప్పట్ల చాటుకి తప్పుకున్నారు. అక్క ఎవర్నీ ఏమీ అనలేదు. ఇస్త్రీపెట్టె అడుగు వేలితో తడిమి, "ఎవత్తె వాడిందే దీన్ని, మసి పట్టించేసింది" అంది. మళ్ళీ సూటక్క అయిపోయింది.

చూపాయన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన ముందుగదిలో కొంచెం రద్దీ తగ్గి, మళ్ళీ పెరిగిందని విన్నాను. అత్తయ్య కూడా ఒక పట్టాన దిగి రాలేదు. "ఆ రోజు వాన కదా, గిన్నెలో వాననీళ్ళు కలిసుంటాయి" అంది. అయినా మళ్ళీ అటు వెళ్ళలేదు. మోకాలికి డాక్టర్ని చూద్దామంది ఒకరోజు, ఎవరూ అడక్కుండానే. ఉంగరం దొరకనే లేదు.

లాండ్రీలో పరువు తిరిగొచ్చింది గానీ ఇంట్లో మంచాలు మారలేదు. బావగారు రెండుసార్లు గది గుమ్మం దాకా వచ్చి, తప్పైపోయిందని గొణిగి వెళ్ళాడు. మూడోసారి వచ్చినప్పుడు అక్క చెప్పింది, "పెట్టె తీశావని కాదు నా బాధ. తీశావు, ఏమీ లేదని చూశావు. చూశాక కూడా 'మా ఆవిడ తియ్యలేదు' అని నీ నోటితో బయట ఒక్కరికి చెప్పావా?" ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు. అది అక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాం. ఆయన నోరు మాకు తెలిసిందే కదా.

వానలు వెనక్కి తగ్గాయి. మేఘం విడిచి ఎండ గట్టిగా కాసిన మొదటి రోజు మేమంతా దుప్పట్ల బుట్టలు మేడమీదికి ఎక్కించాం. అంత ఎండ చూసి ఎన్నాళ్ళయిందో, అందరం పిల్లల్లా అరుచుకుంటున్నాం. మెట్ల దగ్గర అలికిడైతే తిరిగి చూశాను. బావగారు. కొట్టు వదిలి పగటిపూట ఆయన ఎక్కడికీ రాడు. చేతులకి తాళాల నూనె అలాగే ఉంది. మేడ మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"మీ అందరికీ ఒక మాట చెప్పాలి" అన్నాడు.  "ఉంగరం సంగతి వచ్చినప్పుడు, ఈమె ఇంట్లో లేనప్పుడు, ఈమె పెట్టె తాళం నేను తీశాను. మొగుణ్ణి అయ్యుండి నేనే అనుమానించాను. అందులో ఏమీ లేదు. ఆ సంగతి నాకు ముందే తెలిసుండాల్సింది. ఈమె తియ్యలేదు. ఆ మాట నేను ఆ రోజే వచ్చి చెప్పాల్సింది."

పెట్టె సంగతి మా ఇంటి గోడలు దాటలేదు. ఎవరికీ తెలియని తప్పుని ఆయనే తెచ్చి ఎండలో పెట్టాడు. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పనివాళ్ళు ఎవరి బుట్టలోకి వాళ్ళు చూస్తున్నారు.

అక్క పెద్ద దుప్పటి ఒకటి నీళ్ళోడుతుండగా చేతుల్లో పట్టుకుని నిలబడుంది. ఆయన చెప్పడం అయ్యేదాకా ఆయన్నే చూసింది. తర్వాత దుప్పటి రెండో కొస ఆయన మీదికి విసిరింది.

"ఊరికే నిలబడ్డావేం? పిండు."

ఆయన పట్టుకున్నాడు. ఆమె ఇటు తిప్పింది, ఆయన అటు తిప్పాడు. దుప్పటి మెలిపడి నీళ్ళు ధారగా కారాయి. అలవాటు లేని చేతులు, రెండుసార్లు జారవిడిచాడు. రెండుసార్లూ అక్క ఏమీ అనకుండా, ఆయన మళ్ళీ పట్టుకునేదాకా తన కొస గట్టిగా పట్టుకునే ఉంది.